అత్తగారి అలక

రోజు 4011

ఈ పుస్తకంలో అంకెలు మాత్రమే రాయాలని నియమం. గాలి కొలిచే ముల్లు ఏ అంకె దగ్గరుంది, నీళ్లు ఎన్నిసార్లు చల్లాం, అత్తగారి రంగేమిటి, అంతే. పదకొండేళ్లుగా ఆ నియమాన్ని నేను పాటించలేదు. మా పెద్ద దువ్వెన, అంటే దువ్వేవాళ్లందరికీ పైఅధికారి, రాజ్యం గారు మూడు వారాలకోసారి ఈ పుస్తకం తనిఖీ చేసి, నేను అదనంగా రాసిన ప్రతి వాక్యం కిందా ఎర్ర సిరాతో గీత గీస్తారు. గీస్తున్నారంటే చదువుతున్నారనే కదా. అందుకే రాస్తున్నాను.

గాలి ముల్లు: 31. నీళ్లు: మూడుసార్లు. రంగు: కరివేపాకు పచ్చ.

పొద్దున్నే నిచ్చెన ఎక్కి అత్తగారికి తల దువ్వాను. వెడల్పు పళ్ల దువ్వెనతో పైనుంచి కిందికి, చిక్కుపడ్డ చోట వేళ్లతో. దువ్వకపోతే అత్తగారు, అంటే గోడంతా వేలాడే ఈ నాచు, అట్టకట్టి గాలి వదలదు. ఈ మంచు కింద, రెండో గట్టు అనే ఈ ఊళ్లో మేం రెండువేల నాలుగువందల మందిమి పీల్చేది ఆవిడ వదిలిన గాలే కాబట్టి, గోడంత పొడవున్న ఆవిడ జుట్టు సంగతి అందరికీ ఇంటి విషయమే. అత్తగారనే పేరు మా తాతలు పెట్టారు, ఊరికే అలుగుతుందని.

నిజానికి ఆవిడ అలిగేది ఒక్కదానికే. ఒక మనిషికి ఇంకో మనిషి మీద మోజు కలిగినప్పుడు చెమటలో ఏదో మారుతుందట. మన ముక్కుకి అందదు, ఆవిడకి అందుతుంది. వెంటనే పచ్చదనం పోయి తుప్పు రంగుకి తిరిగి గాలి బిగబట్టేస్తుంది. అందుకే కొత్తగా పెళ్లయినవాళ్లు ఈ వీధి వైపే రారు. అందుకే ఇక్కడ పనిచేసే మా ఆరుగురమూ, పైన గొట్టాలు ఊడ్చేవాళ్లూ చేరిన రోజున ఒక ఫారం నింపాలి. దాంట్లో రెండే గడులు. ‘ఎన్నడూ లేదు’, ‘ఉంది’. మొదటి గడిలో టిక్కు పెట్టినవాళ్లకే దువ్వెన.

నేను ముప్పై రెండో ఏట టిక్కు పెట్టాను. అబద్ధం కాదు. నా ఈడు ఆడపిల్లలు వంశీధర్ పాట కచేరీలో ముందు వరస కోసం కొట్టుకుంటుంటే, నేను ఆ మైకు తీగ ఎవరో సరిగ్గా చుట్టలేదే అని చూస్తూ కూర్చునేదాన్ని. “అదే వస్తుందిలే” అనేది అమ్మ. అది రాలేదు, ఉద్యోగం వచ్చింది. దాంతోపాటు గురువారం గురువారం తొట్టెడు వేడినీళ్ల స్నానం కూడా. ఆ స్నానం గురించి ఊళ్లో కుళ్లుకోని ఇల్లు లేదు.

రోజు 4013

ముల్లు: 29. రంగు: పచ్చ, కానీ పదింటికి ఎడమ అంచున జానెడు తుప్పు.

ఆ అంచునే దువ్వుతున్నాను అప్పుడు. దేవసహాయం గారు పైన గొట్టంలో చీపురుతో పాకుతూ వచ్చారు. గొట్టానికున్న జాలీ దగ్గర ఆగి మాట్లాడటం మాకు పదకొండేళ్ల అలవాటు. కనపడేది చీపురు కొస, అప్పుడప్పుడు బట్టతలలో కొంత భాగం. మిగతాదంతా గొంతే.

“జాడీ మూత తీశారాండీ?” అన్నారు. నేను నిమ్మకాయలు ఊరవేసి తొమ్మిది రోజులైంది.

“తీయలేదండి.”

“ఆయ్, తీశారు. మీ మాటలోనే పులుపు తెలుస్తోంది. ఇరవయ్యొక్క రోజులు ఆగలేకపోతే ఊరవేయడం ఎందుకండీ, కోసుకుని తినేస్తే పోలా?”

నిజంగానే పొద్దున ఒక బద్ద దొంగతనంగా తిన్నాను. అందుకే కాబోలు, ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఛాతీలో మంట. నిమ్మకాయ తగ్గించాలి.

రోజు 4014

ముల్లు: 27. మళ్లీ పదింటికి తుప్పు, ఈసారి మూరెడు.

మా ఆరుగురిలో ఎవరికో మోజు పుట్టింది. పట్టుకోవాలి. ఇలాంటి పనికి నా అంత బుర్ర గట్టులో ఎవరికీ లేదని నాకు ముందునుంచీ ఒక నమ్మకం.

రాజ్యం గారిని అనుమానించే ప్రశ్నే లేదు. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో మచ్చ లేదు. సర్వీసు పద్నాలుగో ఏట మోకాళ్ల నొప్పులకి ఆరునెలలు సెలవు పెట్టారు, అంతే. ఇప్పుడు అరవై మూడేళ్లకి కూడా నిచ్చెన నాకంటే చురుగ్గా ఎక్కుతారు. మిగతా ముగ్గురూ సాయంత్రం పూట వస్తారు. ఇక మిగిలింది సరోజిని. ఇరవై నాలుగేళ్లు, చేరి రెండేళ్లు. పొద్దుటి నుంచీ కూనిరాగాలు తీస్తోంది.

“ఏమే, ఏమిటా పాట?” అన్నాను.

“పన్ను నొప్పక్కా. పాడుతుంటే మర్చిపోతాను.”

“ఏ పన్ను? చూపించు.”

నోరు తెరిచింది. దీపం పెట్టి చూశాను. నాకు ఏ పన్నూ పుచ్చినట్టు కనపడలేదు. అనుమానం బలపడింది.

రోజు 4016

ముల్లు: 25. ఇరవై దాటి కిందికి పోతే చంటిపిల్లలున్న వీధులకే గాలి వదిలి మిగతా వీధులకి ఆపేస్తారు. ఇవాళ బడిలో పిల్లలకి తలనొప్పులు. మెట్లు ఎక్కవద్దని, పరుగెత్తవద్దని, గట్టిగా పోట్లాడుకోవద్దని గాలి కమిటీ ఉత్తర్వు. మూడోది ఎవరూ పాటించడం లేదు.

సరోజిని పేరు నేను కమిటీకి రాసి ఇచ్చాను. కారణాలు: కూనిరాగం, కొత్త రిబ్బను, బకెట్టు రెండుసార్లు ఒలకబోయడం. మధ్యాహ్నానికల్లా దాన్ని బంగాళాదుంపల షెడ్డుకి మార్చారు. దువ్వెన తిరిగి ఇచ్చేటప్పుడు ఏడ్చింది.

“నాకు లేదక్కా. ఉంటే నేనే చెప్పేదాన్ని కదా. ఫారంలో ‘తప్పుడు మాట’ అని ముద్ర వేశారు. మా వాళ్లకి ఏం చెప్పుకోను?”

నేను దువ్వెన తీసుకుని పెట్టెలో పెట్టాను. ఇదే రోజు దేవసహాయం గారు గొట్టంలోంచి దిగబోతూ కాలు మడతపెట్టుకున్నారని తెలిసింది. వారం రోజులు మంచం.

రోజు 4021

ముల్లు: 31. రంగు: అంచు నుంచి అంచు దాకా పచ్చ.

ఐదు రోజులుగా ఒక్క మచ్చ లేదు. వీధిలో అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. కమిటీ అధ్యక్షులు పరశురామయ్య గారు స్వయంగా వచ్చి “నీ చూపు గట్టిదమ్మా” అన్నారు. వేడినీళ్లు ఈ వారం అరతొట్టె ఎక్కువ ఇచ్చారు. నిమ్మకాయ రోజూ తింటున్నా ఛాతీలో మంట కూడా పోయింది.

ఒక్కటే లోటు. గొట్టంలోకి పంపిన బదులు మనిషికి మాటలు రావు. ఊఁ అంటాడు, ఊహూఁ అంటాడు. పదిగంటలు కొట్టగానే నా తల దానంతటదే జాలీ వైపు లేస్తోంది. దేవసహాయం గారికి ‘కాలు ఎలా ఉంది?’ అని చీటీ పంపాను. ‘కాలు ఉంది’ అని జవాబు వచ్చింది. దాన్ని నాలుగుసార్లు చదివాను.

రోజు 4023

ముల్లు: 28.

పదింటికి పైన చప్పుడు. ఒక అడుగు, ఒక ఈడ్పు. మళ్లీ అడుగు, మళ్లీ ఈడ్పు.

“తాయారు గారూ, జాడీ ఇంకా మిగిలిందా, ఊడ్చేశారా?”

ఛాతీలో మంట గుప్పుమంది. ఆ క్షణంలో నా చెయ్యి నాచులో ఉంది. దువ్వెన పళ్లు ఎక్కడ దిగి ఉన్నాయో సరిగ్గా అక్కడ మొదలై, నా వేళ్ల చుట్టూ తుప్పు రంగు పాకింది. నేను చెయ్యి కుడికి జరిపాను. అదీ జరిగింది. ఎడమకి జరిపాను. వెనకే వచ్చింది.

నిచ్చెన మీద చాలాసేపు అలాగే నిలబడ్డాను. పైనుంచి ఆయన “ఏవండీ, ఉన్నారా?” అని మూడుసార్లు అడిగారు.

నాకు నలభై మూడేళ్లు. ఆయనది బట్టతల. ఎడమ చెవి సరిగ్గా వినపడని మనిషి. ముఖం పూర్తిగా చూసింది పదకొండేళ్లలో ఇరవైసార్లు ఉంటుందేమో. ఇన్నాళ్లూ అజీర్తి అనుకున్నది అజీర్తి కాదు. నాకు భయం వేసింది, సిగ్గేసింది, కొంచెం నవ్వు కూడా వచ్చింది. ఆ తర్వాత బంగాళాదుంపల షెడ్డు గుర్తొచ్చి నవ్వు పోయింది.

రోజు 4024

ముల్లు: 26.

ఈ పుస్తకంలో ఇన్నాళ్లూ ఏదీ దాచలేదు కాబట్టి ఇదీ రాస్తున్నాను. ఇవాళ మోసం చేయబోయాను. చెవుల్లో దూది కుక్కుకుని పనికి వచ్చాను. గొంతు వినపడకపోతే చాలనుకున్నాను. పదింటిదాకా బాగానే ఉంది. తర్వాత జాలీలోంచి చీపురు కొస కనపడింది. చీపురు కొసకే మూరెడు తుప్పు.

ఇంకో దారి ఉంది. సాయంత్రం పూటకి మార్పించుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. దువ్వెన నాదే, స్నానం నాదే, పేరూ నాదే. కానీ సరోజిని ఫారం మీద ఆ ముద్ర అలాగే ఉంటుంది. పని అయ్యాక షెడ్డుకి వెళ్లాను. బుగ్గ వాచి ఉంది. పన్ను నిజంగానే పుచ్చింది, లోపలి వైపు.

“రేపు కమిటీకి వెళ్తున్నానే” అన్నాను.

“నన్ను ఇంకేం చేయిస్తావక్కా, మురికి కాలవకి పంపిస్తావా?”

అనిపించుకున్నాను. అనదగ్గ మాటే.

రోజు 4025

నిమ్మకాయల జాడీ సంచిలో పెట్టుకుని కమిటీకి వెళ్లాను. ఇవాళ్టికి ఇరవై ఒక్క రోజులు. పరశురామయ్య గారు, ఇద్దరు సభ్యులు, తనిఖీదారు హోదాలో రాజ్యం గారు. జరిగిందంతా చెప్పాను, దేవసహాయం గారి పేరుతో సహా.

“అయితే చేరినప్పుడు నువ్వు రాసింది తప్పన్నమాట” అన్నారు పరశురామయ్య గారు.

“కాదండి. అప్పుడది నిజం. పదకొండేళ్లూ నిజం. అత్తగారే సాక్షి.”

“ఇప్పుడు ఉందంటున్నావు కదమ్మా.”

“ఒక్కరి మీద ఉందండి.”

“అదేలే. తగినవాడు దొరకనంతకాలం లేదనుకున్నావు. దొరికాక తెలిసొచ్చింది. ఎవరికైనా అంతే.”

ఇదే నాకు పడని మాట. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా ఈ మాటకి నాకు మంట ఎక్కువ పుట్టింది. పదకొండేళ్లు నేనెవరో నాకు తెలియకుండా బతికానట.

“మీ పెళ్లిచూపులు ఎంతసేపు జరిగాయండీ?” అన్నాను.

ఆయన తడబడి “పావుగంట” అన్నారు.

“అప్పటికే మీకు నచ్చారా ఆవిడ?”

“నచ్చకపోతే చేసుకుంటానా?”

“పావుగంటకీ పదకొండేళ్లకీ తేడా లేదంటే ఎలాగండీ? నాకు ముఖం చూస్తే ఏమీ కాదు, పాట వింటే ఏమీ కాదు. ఒక మనిషితో రోజూ పోట్లాడి, ఆ మనిషి ఎప్పుడు దగ్గుతాడో ఎప్పుడు నవ్వుతాడో తెలిశాక, అప్పుడు కలిగింది. ఇంకెవరి మీదా కలగలేదు.” జాడీ బల్ల మీద పెట్టాను. “మొదటి రోజున ఇవి ఉత్త నిమ్మకాయలు. ఇవాళ ఊరగాయ. ఆ రోజున ఇది ఊరగాయ కాదని రాసినవాడు తప్పు రాసినట్టా?”

ఒక సభ్యుడు మూత తీసి బద్ద నోట్లో వేసుకున్నాడు.

“రేపు ఇంకొకరి మీద కలిగితే? మా ఊపిరితో ఆటలా?” అన్నారు పరశురామయ్య గారు. అది న్యాయమైన ప్రశ్నే.

“పరీక్ష పెట్టండి” అన్నాను.

రోజు 4027

నీళ్లు: రెండుసార్లే. తీరిక లేదు.

గట్టులోకెల్లా చూడచక్కని వాళ్లని పన్నెండు మందిని కమిటీ ఎంపిక చేసింది, ఆడా మగా కలిపి. ఎంపిక కోసం జరిగిన గొడవల్లో ముల్లు ఒక గీత దిగిందని అంటున్నారు. ఒక్కొక్కరినీ నా నిచ్చెన పక్కన పదేసి నిమిషాలు నిలబెట్టారు. నేను దువ్వుతూ మాట్లాడాలి, వాళ్ల కళ్లలోకి చూడాలి.

పచ్చ. పచ్చ. పచ్చ. ఆరో మనిషి కళ్లు నిజంగా బాగున్నాయి, ఆ మాట అతనితో అన్నాను కూడా. పచ్చ.

వంశీధర్ వచ్చారు. యాభై దాటినా గొంతు అలాగే ఉంది. రెండు పాటలు పాడారు. నాచు మీద చిన్న నలక కూడా లేదు. “శ్రుతి కుదిరినట్టు లేదు, మళ్లీ పాడనా?” అన్నారు. మళ్లీ పాడారు. ఇంకా పచ్చబడింది.

పదమూడో మనిషిగా, లిస్టులో లేకపోయినా, అధ్యక్షుల హోదాలో పరశురామయ్య గారు తనూ నిలబడ్డారు. లోపలికి వచ్చే ముందు తల దువ్వుకున్నారు. పచ్చగానే ఉండటం చూసి హమ్మయ్య అన్నారు గానీ, ఆ ముఖంలో హమ్మయ్య లేదు.

అప్పుడు పైన ఒక అడుగు, ఒక ఈడ్పు. దేవసహాయం గారికి ఎవరూ ఏమీ చెప్పలేదు, రోజులాగే ఊడవమన్నారు.

“తాయారు గారూ, కింద కచేరీ ఏంటండీ?”

నా చేతి కింద నుంచి తుప్పు పాకింది. కమిటీ మొత్తం నోరు తెరుచుకుని చూసింది. ఆయన్ని వెనక్కి పిలిపించారు. పావుగంటకి మళ్లీ పచ్చ. ఆ తర్వాత నన్ను బయట నిలబెట్టి ఆయన ఒక్కరినే పంపించి చూశారు. పచ్చ. ఇద్దరం కలిసి ఉన్నప్పుడే తుప్పు, అదీ నా చేతి కిందే.

తీర్పు అక్కడే చెప్పారు. సరోజిని తిరిగి పనిలోకి, ముద్ర కొట్టివేత. దేవసహాయం గారు వంటశాల వీధి గొట్టాలకి. నేను నా దువ్వెనతో ఇక్కడే. ఫారంలో మూడో గడి.

సాయంత్రానికల్లా గట్టులో అందరికీ తెలిసిపోయింది. ఆయనకి కూడా.

రోజు 4029

ముల్లు: 31. రంగు: పచ్చ.

పని అయ్యాక భోజనాల గదిలో దేవసహాయం గారు నా కోసం కూర్చుని ఉన్నారు. చేతికర్ర, ఉతికిన చొక్కా. ఎదురుబొదురుగా కూర్చోవడం ఇదే మొదటిసారి. జాలీ లేకపోవడంతో ఇద్దరికీ ఎటు చూడాలో తెలియలేదు.

“నాకు అలాంటిది లేదండీ” అన్నారు. “ఎప్పుడూ లేదు. నేను మొదటి గడే. మీకు చెప్పకుండా దాస్తే బాగుండదని వచ్చాను.”

“నేనేమీ అడగలేదు కదండీ.”

“ఆయ్, అడగలేదు.”

కొంచెం గుచ్చుకుంది. గుచ్చుకోలేదని రాస్తే ఈ పుస్తకంలో అదే మొదటి అబద్ధం అవుతుంది. కానీ కొంచెమే. మోజు నాది, దాని బాగోగులు నేను చూసుకోగలను. ఆయన మాట మానేస్తారేమో అన్నదే నన్ను రెండు రోజులుగా తినేస్తోంది.

ఆయన కర్రని బల్లకి ఆనించి, సరిగ్గా నిలబడకపోతే మళ్లీ ఆనించారు. “వంటశాల వీధిలో గొట్టాల కింద ఎవరూ ఉండరండీ. పది కొట్టేసరికి నోరు దురద పెడుతోంది. రెండు రోజుల నుంచి అన్నం సయించట్లేదు. దీనికేమన్నా గడి ఉందా మీ ఫారంలో?”

“లేదండి. దీనికి ఊరగాయ ఉంది.”

జాడీ ముందుకి తోశాను. ఒక బద్ద తిని, చాలాసేపు ఆలోచించి, ఉప్పు తక్కువైందన్నారు. తక్కువ కాలేదన్నాను. అన్నం గిన్నె ఖాళీ అయ్యేదాకా అదే పోట్లాట. రేపు కూడా ఐదింటికి అదే బల్ల దగ్గర.

రోజు 4032

ముల్లు: 31. నీళ్లు: మూడుసార్లు. రంగు: పచ్చ.

కొత్త ఫారాలు అచ్చై వచ్చాయి. మూడో గడికి ఏం పేరు పెట్టాలని కమిటీ రెండు రోజులు కూర్చుంది. భూమ్మీద ఉన్న రోజుల్లో మొదటి గడి వాళ్లని అసెక్సువల్ అనేవారట, నాలాంటివాళ్లకి దాని పక్కనే డెమిసెక్సువల్ అని ఒక పేరుండేదట. సరోజిని పాత నిఘంటువులో వెతికి పట్టుకొచ్చింది. నాకంటే ముందు కూడా ఉన్నారని చదివి నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పరశురామయ్య గారికి మాత్రం ఆ మాట నోరు తిరగలేదు. చివరికి ‘పరిచయం ముదిరాకే’ అని అచ్చు వేయించారు. ఊళ్లో అప్పుడే ‘ఊరగాయలు’ అంటున్నారు. నాకు అభ్యంతరం లేదు.

మొదటి టిక్కు నాది. సరోజిని తన పాత గడిలోనే, పెన్ను విరిగేంత గట్టిగా మళ్లీ టిక్కు పెట్టింది. పన్ను పీకించుకుంది. నాతో ఇంకా ముక్తసరిగానే మాట్లాడుతోంది. నా గురువారం వేడినీళ్లు ఈ నెలంతా దానికే ఇచ్చేశాను. స్నానం చేసొచ్చి, కాస్త సేపు కూనిరాగం తీసింది.

పుస్తకం తనిఖీ నుంచి తిరిగి వచ్చింది. మూడు వారాల వాక్యాల్లో ఒక్కదాని కిందా గీత లేదు. పేజీ అడుగున మాత్రం ఎర్ర సిరాతో ఇలా ఉంది:

‘తనిఖీ చేశాను. 4027 నాడు నీళ్లు రెండుసార్లే చల్లారు, ఇకముందు ఇలా జరగకూడదు. నువ్వు 4014 నాడు రాసిన నా మోకాళ్ల విషయం. అవి అప్పుడూ బాగానే ఉండేవి. అతనికి వేరే వీధికి బదిలీ అయ్యేదాకా ఆ ఆరునెలలూ ఇంట్లో కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు, అతనికి కూడా. కొత్త ఫారం ఒకటి నా బల్ల మీద పెట్టు. పాత తేదీ వేసుకోవడానికి వీలవుతుందేమో కమిటీని అడుగు. ఇరవై నాలుగేళ్ల కిందటిది. — రాజ్యం.’